కరుణాపాత్ర
(రెండుసారులే జరిగిన యొక ధర్మక్రీడ కథ)

అమెరికా దేశమున "మెర్సీ బౌల్" అను పేర నొక ఫుట్‌బాలు పోటీ 1961వ సంవత్సరమున నొకసారియు, 1971వ సంవత్సరమున మరియొకసారియు జరిగెను. ఆ తరువాత నెన్నడును జరుగలేదు. మెర్సీ యనగా కరుణ. బౌల్ అనగా గిన్నె, పాత్ర. రెండును గలిపి మన భాషలో "కరుణాపాత్ర" యని చెప్పుకొనవచ్చును. విమానప్రమాదములలో మరణించిన క్రీడాకారుల కుటుంబములకును, చావు తప్పి బ్రదికిన క్షతగాత్రులకును ధనసహాయము చేయుటకై కళాశాలల విద్యార్థు లాడిన యాట యిది.

స్త్రీలు చదువు పత్రికలో మగపిల్లల బంతియాటల ప్రసంగ మేల యని కొందరు సోదరీమణులకు శంక కలుగవచ్చును. ఆట మగపిల్లలదే. కాని యా యాట యెవరికొరకు జరిగెనో వారిలో తల్లులును, భార్యలును, పసిబిడ్డలును గలరు. ఇంటికి నిలువుకంబము వంటివాడు ఒక్క రాత్రిలో కూలిపోయిన పిదప ఆ యిల్లు నిలుచుట యెట్లు? ఇరుగుపొరుగువారు చేయదగిన సాయ మెట్టిది? దాని నెప్పుడు చేయవలెను? ఎంతవరకు చేయవలెను? కరవులను, వరదలను చవిచూచిన మా కర్నూలు, కడప జిల్లాల గృహిణులకు ఈ ప్రశ్నలు క్రొత్తవి గావు. కావుననే సముద్రముల కావల జరిగిన యీ కథను సోదరీమణుల కెఱిగింప దలచితిమి.

ఆ యాట యెట్టిది?

మన పిల్లలు కాలితో దన్నెడి గుండ్రని బంతి యాటకును, అమెరికావారు ఫుట్‌బాలని పిలుచు నాటకును పేరు మాత్రమే యొకటి. అమెరికావారి బంతి కోడిగ్రుడ్డువలె నుండును. దానిని చేతితో బట్టుకొని పరుగెత్తుదురు, ఒకరి కొకరు విసరుకొందురు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. ఆటస్థలము నూరు గజముల పొడవు. బంతి చేతనున్న పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములైన ముందునకు సాగవలెను. సాగనిచో బంతిని ఎదిరిపక్షమువారికి విడువవలెను. కడపటి గీత దాటించినచో ఆరు గుణములు లభించును. ఒకరి నొకరు క్రుమ్ముకొనుచు, క్రిందపడద్రోయుచు ఆడు ఆట గనుక తలకు గట్టి టోపీలును, భుజములకు మెత్తలును ధరింతురు. చూచుటకు యుద్ధమువలె నుండును. మన పల్లెలలోని చెడుగుడును పెద్ద మైదానమున, పెద్ద బలగముతో, బంతి నొకదానిని జేర్చి యాడినట్లు భావించుకొన్నచో కొంత పోలిక దెలియును.

గిన్నె యను పేరు ఈ యాటల కెట్లు వచ్చెనో చెప్పవలెను. కాలిఫోర్నియా రాష్ట్రమున పాసడీనా యను పట్టణములో 1902వ సంవత్సరము జనవరి 1వ తేదీన పూలపండుగ సందర్భమున నొక కళాశాలల పోటీ జరిగినది. తరువాత 1922లో నచ్చట గిన్నె యాకారముగల పెద్ద క్రీడాస్థలమును గట్టి దానికి "రోజ్ బౌల్", అనగా గులాబీగిన్నె, యని పేరు పెట్టిరి. నాటినుండి ఋతువు ముగిసిన పిదప ప్రత్యేకముగా నేర్పరచు పోటీల కన్నిటికిని బౌల్ అనుట వాడుకయైనది. ఇట్టి పోటీలలో ధర్మార్థమై జరుగునవియు గలవు. 1925లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నారంభమైన తూర్పు పడమరల పోటీ యట్టిది. దాని రాబడి యవిటి పిల్లల వైద్యశాలల కుపయోగింపబడెను. ఆ పోటీ దీర్ఘకాలము నిలిచినది. మేము చెప్పబోవునది యల్పాయువు.

1960 అక్టోబరు 29

కాలిఫోర్నియా రాష్ట్రమున పసిఫిక్ మహాసముద్రమునకు జేరువగా శాన్ లూయీ ఒబిస్పో యను చిన్న పట్టణము గలదు. అచ్చట 1901వ సంవత్సరమున స్థాపింపబడిన కాల్ పాలీ యను సాంకేతిక కళాశాల యున్నది. చేతిపనిని, సేద్యమును, యంత్రవిద్యను నేర్పుటయందు పేరుగన్న సంస్థ యది. చాల యేండ్లు స్త్రీలకు ద్వారములు మూసియుంచి, 1956లో మరల వారిని జేర్చుకొన్నది. మన కథా కాలమునకు అచ్చట నాడపిల్లలు చదువ నారంభించి నాలుగేండ్లు మాత్రమే యైనది.

1960వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ, శనివారము. ఆ కళాశాల జట్టు మూడువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి ఒహాయో రాష్ట్రమునకు బోయి బౌలింగ్ గ్రీన్ అను విశ్వవిద్యాలయము జట్టుతో నాడి 50కి 6 గుణములతో నోడిపోయెను. ఓడినవారు ఆ రాత్రియే యింటికి మరలుటకై టొలీడో పట్టణపు విమానాశ్రయము జేరిరి. వారికై యద్దెకు గుదిర్చిన విమానము రెండవ ప్రపంచయుద్ధ కాలమున సరకులు, సైనికులను మోయుటకు నిర్మించిన సీ-46 తరగతికి జెందిన రెండు యంత్రముల విమానము. విమానాశ్రయమునందు పొగమంచు దట్టముగా గ్రమ్మి యుండెను. ఎదుట నున్నది కానరాని స్థితి. అట్టి సమయమున, రాత్రి పది గంటల ప్రాంతమున, నలువదియెనమండుగురతో విమానము లేచెను. నేలను విడిచిన కొలది క్షణములకే ఎడమవైపు యంత్రము శక్తి దప్పెను. విమానము నేలగూలి, రెండు తునుకలై, మంట లంటుకొనెను. ఇరువదియిద్దరు మరణించిరి. వారిలో పదునార్గురు ఆటగాండ్రు. ఇరువదియార్గురు బ్రదికిరి. బ్రదికినవారిలో గాయములచేత చిరకాలము బాధపడినవారు గలరు.

బ్రదికినవారిలో టెడ్ టోల్నర్ అను యువకు డొకడు. తరువాతి కాలమున నతడు గొప్ప శిక్షకుడై పేరు పొందెను. పయనమునకు ముందు స్నేహితుని కోరికపై నతడు కూర్చుండుచోటు మార్చుకొనెను. ఆ స్నేహితుడు మరణించెను, ఇతడు బ్రదికెను. "విధి" యని మనము నిట్టూర్చి యూరకుందుము. కాని యందఱి మరణములకును విధి నొక్కదానినే నిందించి యూరకుండుట తగదని విచారణ తేల్చినది.

విచారణలో దేలిన సంగతులు

ప్రమాదములను విచారించుటకు నాడు అమెరికాలో నియమింపబడిన పౌరవిమాన మండలివారు పరీక్షించి కారణములను ప్రకటించిరి. విమానమున మోయదగినదానికంటె రమారమి రెండువేల పౌనులు, అనగా తొమ్మిదివందల కిలోగ్రాముల, బరు వధికముగా నుండెను. పొగమంచులో, ఏమియు గానరానప్పుడు, పయనము సాగించిరి. ఎడమ యంత్రము కొంత శక్తి గోల్పోయెను. ఇంతియకాక ఆ విమానమును నడపినవాని యనుమతిపత్రము అంతకు ముందే రద్దు చేయబడి యుండెను. దానిపై నతడు పైవారికి విన్నవించుకొనగా, తీర్పు వచ్చువఱకు నడుపుటకు వీలు గలిగినది. ఆ వీలులోనే ఈ ఘోరము జరిగెను.

ఈ సంగతులు చదువునప్పుడు మనసు కలగును. బరువు తగ్గించి యుండవచ్చును. తెల్లవారి మంచు విడుచువఱకు నాగి యుండవచ్చును. ఇవి సామాన్యమైన జాగ్రత్తలు. ఎడ్లబండిపై ధాన్యము మితిమీఱి యెక్కించినచో ఇరుసు విఱుగునని మన రైతుబిడ్డ యెఱుగును. ఏఱు పొంగినప్పుడు దాటరాదని పశువుల గాచు బాలు డెఱుగును. యంత్రము పెద్దదైనకొలది యీ చిన్న తెలివి మఱపునకు వచ్చుట మానవుల కలవాటేమో.

ప్రమాదానంతరమున అమెరికా ప్రభుత్వమువారు విమానచోదకుల కొక యాజ్ఞ ప్రకటించిరి. కనుచూపు పావుమైలునకు దక్కువగా నున్నప్పుడు వ్యాపార విమానములు నేల విడిచి లేవరాదని శాసించిరి. ఇరువదియిద్దరి ప్రాణములు మూల్యముగా జెల్లించి కొన్న యాజ్ఞ యది. తరువాత నెందఱి ప్రాణములను గాచినదో లెక్క పెట్టువా రుండరు. కాపాడబడినవారికి దాము కాపాడబడితిమని తెలియదు గదా.

ఏడాది తరువాత

కాల్ పాలీ కళాశాల ఆ యేటి మిగిలిన యాటలన్నిటిని మానుకొనెను. 1969వ సంవత్సరము వఱకు ఆ జట్టు తన రాష్ట్రపు పొలిమేర దాటి పరస్థలమున నాడుటకు బోలేదు. ఇంతలో వైద్యశాలల ఖర్చులు పెరిగినవి. పితృహీనులైన బిడ్డలున్న యిండ్లలో కష్టము మొదలైనది.

మన దేశమున నొకయింట మరణము సంభవించినప్పుడు ఇరుగుపొరుగువారు పది దినములు ఆ యింట పొయ్యి రాజనీయక తామే వండి పంపుదురు. బంధువులు వత్తురు, ఓదార్తురు, పెద్దకర్మ ముగిసిన పిదప ఎవరి యూరికి వారు మరలుదురు. ఆ ఇల్లాలికి నిజమైన చీకటి యప్పుడే మొదలగును. బియ్యపుకుండ యడుగు కనబడునదియు నప్పుడే, బిడ్డల చదువు జీతము గట్టవలసినదియు నప్పుడే. పలుకరించువారు దగ్గుదురు. నెలలు గడచినకొలది ఆమె దుఃఖమును లోకము మఱచును. సంవత్సరీకము నాటికి జ్ఞాపకము చేసుకొనువారు దగ్గఱి చుట్టములే.

కరుణాపాత్ర పోటీయందు మా మనసు నాకర్షించిన విశేష మిదియే. అది ప్రమాదము జరిగిన వారమున గాని నెలలో గాని జరుగలేదు. ఏడాది గడచి, ఇరువదియైదు దినములు దాటిన పిదప, 1961 నవంబరు 23వ తేదీన జరిగెను. లోకము మఱచుటకు సిద్ధమైన సమయమున మరల జ్ఞాపకము చేసెను.

ఆ దిన మమెరికావారికి "థ్యాంక్స్ గివింగ్" అను పండుగ. పంట లింటికి వచ్చిన పిదప నవంబరు మాసపు నాలుగవ గురువారమున కుటుంబమువా రెల్ల నొక్కచోట గూడి భుజించి భగవంతునకు గృతజ్ఞత దెలుపుకొందురు. మన సంక్రాంతికి గొంత సాటి. దూరదేశములనున్న కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు ఇండ్లకు జేరు దినమది. కొడుకు లేని యింటికి, భర్త లేని యింటికి పండుగ దినమునకంటె కఠినమైన దినము వేఱొకటి లేదు. అట్టి దినమునే యీ యాటకు నిర్ణయించుట సముచితముగా మాకు దోచినది.

మొదటి యాట

ఆట లాస్ ఏంజెలీస్ నగరమునందలి కొలిసియమ్ అను మహా క్రీడాస్థలమున జరిగినది. 1932లో ప్రపంచ ఒలింపిక్ క్రీడలు జరిగిన స్థల మది. కాలిఫోర్నియానుండి ఫ్రెస్నో స్టేట్ జట్టును, ఒహాయోనుండి బౌలింగ్ గ్రీన్ జట్టును ఆడ వచ్చినవి. ఫ్రెస్నోవారి శిక్షకుడు సెసిల్ కోల్‌మన్. బౌలింగ్ గ్రీన్ వారి శిక్షకుడు డాయిట్ పెర్రీ.

పాఠకురాండ్రు గమనించియే యుందురు. బౌలింగ్ గ్రీన్ జట్టే ఆ ప్రమాదదినమున కాల్ పాలీవారితో నాడిన జట్టు. చనిపోయిన బాలురు కడపటిసారి చేయి గలిపినది వీరితోనే. తప్పు వీరిది గాదు. తమ యూరికి వచ్చిన యతిథులు మరలి యిల్లు చేరలేదను బాధ మాత్రము వీరిది. అందుచే తమ పండుగను మానుకొని, దేశపు ఆవలి కొసవఱకు వచ్చి, వారి కుటుంబములకై యాడిరి. ఇంటికి వచ్చిన యతిథికి గీడు మూడినచో ఆ యింటివారికి బాధ్యత గలదని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ దేశమునను అట్టి భావము గలదని యీ చర్య దెలుపుచున్నది.

ఫ్రెస్నోవారు 36 గుణములు, బౌలింగ్ గ్రీన్ వారు 6 గుణములు సంపాదించిరి. ఫ్రెస్నో జట్టు ఆ సంవత్సరమం దొక్క యాటయైన నోడని జట్టు. ప్రమాదదినమున కాల్ పాలీవారికి వచ్చినవియు ఆరు గుణములే యగుట కాకతాళీయము. ఆ దినమున గెలుపోటముల నెవరును మనసున బెట్టుకొని యుండరు.

ఆ యాటను జూచుటకు 33,145 మంది వచ్చిరి. లక్ష మందికి జాలిన ఆ స్థలమున మూడవ వంతు నిండినది. టిక్కెట్లవలనను, విరాళములవలనను సుమారు రెండు లక్షల డాలర్లు సమకూడినవి. నాడు డాలరు మన రూపాయలలో 4 రూపాయల 76 పైసలు. ఆ లెక్కను తొమ్మిదిన్నర లక్షల రూపాయ లగును. వచ్చినవారి తలకు లెక్కించిన ఆరు డాలర్లు పడును. ఒక్కొక్క యింటినుండి వచ్చిన చిన్న మొత్తములు కలిసి బ్రదికినవారి వైద్యమునకును, చనిపోయినవారి కుటుంబములకును ఆదరువైనవి. గొప్ప ధనికు డొక్కడు ఇచ్చిన యీవికంటె నిట్టి దానము స్వీకరించువారికి దేలికగా నుండును. ఒకరికి ఋణపడితిమను భారము లేదు. ఊరందఱు తలకొంచె మిచ్చిన సొమ్ములో తలవంపు లేదు.

రెండవ యాట

ఆ పోటీని ప్రతి సంవత్సరము జరుపలేదు. అవసరము దీఱినది, గిన్నె బోర్లించిరి. పదేండ్ల వఱకు దాని ప్రసక్తి లేదు.

1970వ సంవత్సరము ఆ దేశపు కళాశాలల క్రీడాలోకమునకు గడు దుర్దినము. అక్టోబరు 2వ తేదీన విచిటా విశ్వవిద్యాలయమువారి విమానము కొలరాడో పర్వతములయందు గూలి 31 మంది మరణించిరి. నవంబరు 14వ తేదీన మార్షల్ విశ్వవిద్యాలయమువారి విమానము కూలి 75 మంది మరణించిరి, ఒక్కరును బ్రదుకలేదు. ఆ గాయ మింకను పచ్చిగా నుండగనే, 1971 నవంబరు 13వ తేదీన కాలిఫోర్నియాలోని ఫులర్టన్ కళాశాల జట్టునకు జెందిన మువ్వురు సహాయ శిక్షకులు చిన్న విమానమున బోవుచు, సాంటా బార్బరా ప్రాంతపు కొండలలో మంచు గ్రమ్మిన వేళ ప్రమాదమున మరణించిరి. విమానము నడపిన యాతడును మరణించెను. ఆ నలువురికిని పసిబిడ్డలు గలరు.

ఫులర్టన్ జట్టు మొదలై రెండేండ్లయిన గాలేదు. ఆ చిన్న జట్టువారు తమ గురువుల బిడ్డలకొరకు దామే యాడుటకు బూనుకొనిరి. "మెర్సీ బౌల్" అను పేరు మరల వెలికి వచ్చెను. ఎదిరిపక్షమున నాడుటకు వచ్చినది మరల ఫ్రెస్నోవారే. ఇట్లు రెండు కరుణాపాత్రలయందును పాల్గొన్న జట్టు ఫ్రెస్నో యొక్కటియే. ప్రమాదము జరిగిన నెల లోపలనే, డిసెంబరు 11వ తేదీన, ఆనహైమ్ పట్టణపు క్రీడాస్థలమున 16,854 మంది యెదుట నాట జరిగెను. ఫులర్టన్ వారు 17కు 14 గుణములతో గెలిచిరి. గురువులను గోల్పోయి నెల దిరుగకమునుపే బాలురు అంత నిబ్బరముతో నాడుట సామాన్యము గాదు.

ఈ రెండవ యాటతో "కరుణాపాత్ర" చరిత్ర ముగిసినది. 1992వ సంవత్సరపు ఋతువుతో ఫులర్టన్ కళాశాల ఫుట్‌బాలు జట్టునే యెత్తివేసెను. ఆ జట్టు లేదు, ఆ పోటీ లేదు. కాల్ పాలీ కళాశాల క్రీడాస్థలమున మాత్రము 2006లో నొక స్మారకస్థలము వెలసినది. కళాశాలకు జెందిన పదునెనమండుగురు మృతులకును ఒక్కొక్క రాగి స్తంభము నిలిపిరి. ఏ స్తంభము ఎవరిదో ఆ స్తంభ మాతని యెత్తే. పొడుగువాని స్తంభము పొడుగు, పొట్టివానిది పొట్టి. కొడుకును గోల్పోయిన తల్లి యచ్చట నిలిచిన, తలయెత్తి యెంతవఱకు జూడవలెనో ఆమె కన్నులకు జ్ఞాపకముండియే తీఱును.

ఇతర దేశములలో

ఇట్టి ధర్మక్రీడలు ఒక్క యమెరికాయందే జరిగెననుకొనరాదు. ఇటలీ దేశమున 1949 మే 4వ తేదీన టురిన్ నగరపు ప్రసిద్ధమైన జట్టు ప్రయాణము చేయు విమానము మబ్బులలో దారిగానక సుపెర్గా యను కొండకు దగిలి 31 మంది మరణించిరి. అదే నెల 26వ తేదీన, అర్జెంటీనానుండి రివర్ ప్లేట్ అను జట్టు మహాసముద్రము దాటి వచ్చి మృతుల కుటుంబములకై టురిన్‌లో నొక యాట యాడెను. ఆట 2-2 గుణములతో సమముగా ముగిసినది. 2016 నవంబరు 28వ తేదీన బ్రెజిల్ దేశపు చాపెకోయెన్సె జట్టుతో గూడ 71 మంది కొలంబియాలో విమానప్రమాదమున మరణించిరి. 2017 జనవరి 25వ తేదీన రియో నగరమున బ్రెజిల్, కొలంబియా జట్లు ఆ కుటుంబములకై యాడెను. బ్రెజిల్ 1-0తో గెలిచెను. ప్రమాదము జరిగిన దేశమువారు, నష్టపోయిన దేశమువారు కలిసి యాడుట బౌలింగ్ గ్రీన్ వారి చర్యను దలపునకు దెచ్చును.

మన సీమలో

మా యోర్వకల్లు కర్నూలునుండి నంద్యాలకు బోవు దారిలో నున్నది. రాళ్ళను దప్ప చూపదగినవి మా యూర లేవని పరిహాసమాడువారు పూర్వము గలరు. ఆ రాళ్ళే నేడు రాతివన మను పేర యాత్రికుల కాకర్షణ యైనవి. ఆ రాళ్ళకు జేరువనే 2021 మార్చి నెలలో విమానాశ్రయము తెఱవబడి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు దానికి బెట్టబడినది. ఎడ్లబండ్ల గంటల చప్పుడు వినిన చెవులకు విమానముల మ్రోత వినవచ్చినది. కావున విమానములు, పొగమంచు, బరువు, విచారణ యనునవి యిక మాకు దూరదేశపు కథలు గావు. 2009 సెప్టెంబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు ప్రయాణించు హెలికాప్టరు నాటి కర్నూలు జిల్లాలోనే నల్లమల యడవులలో, పావురాలగుట్ట యొద్ద, ప్రతికూల వాతావరణమున గూలి అయిదుగురు మరణించిరి. ఆ వార్త విన్న దినమున పొయ్యి రాజని యిండ్లు మా ప్రాంతమున నెన్నియో కలవు. ఆ నెల తిరిగిన వెంటనే, అక్టోబరు 2వ తేదీన, తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమున నిండ్లు మునిగెను.

ఆపదకై యాటపాటలతో ధనము గూర్చుట మన సీమకును దెలిసినదే. 1952లో రాయలసీమ కరవున బడి, గ్రామములలో గంజికేంద్రములు నడచినప్పుడు, నందమూరి తారకరామారావుగారు తోడి నటులతో గూడి యూరూర దిరిగి ప్రదర్శనము లిచ్చి కరవు నిధికి ధనము గూర్చిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడును సినిమానటులు జోలెపట్టి వీధులు దిరిగిరి. ఇవియు కరుణాపాత్రలే. అవసరమునకు బుట్టి, అవసరము దీఱగనే యడగిపోయినవి.

అల్పాయువు దోషమా?

సంస్థ యనిన చిరకాలము నిలువవలెను, నిలువనిది విఫలమైనట్లే యని లోకము తలచును. మా కట్లు దోచదు. భగవద్గీత పదునేడవ యధ్యాయమున సాత్వికదానమునకు మూడు గుర్తులు చెప్పబడినవి. తగిన చోటు, తగిన కాలము, తగిన పాత్రము. ప్రతిఫలమును గోరకుండుట వాని కన్నిటికి మూలము. ఈ పోటీ నీ మూడు గుర్తులతో దూచి చూడుడు. ఇయ్యవలసినవా రెవరో ముందే తెలియును. ఎందు కిచ్చుచున్నారో తెలియును. పని ముగిసినప్పుడు ముగిసెనని తెలియును. పని ముగిసిన పిదపను సంస్థను నిలుపుటకై చందాలు వసూలు చేయు సంఘములు లోకమున లేకపోలేదు. వానికంటె, పని ముగించి తలుపు మూసినవారు గౌరవార్హులు.

ఐనను దీనియందొక కొఱత గలదు. ఆట నాడుటకు జట్టులున్నవారికి, వార్తాపత్రికలలో పేరు పడినవారికి మాత్రమే ఇట్టి సాయము లభించును. బావిలో మట్టిపెళ్ళ విఱిగిపడి మరణించిన కూలివాని భార్యకై ఏ మైదానమున నెవ రాడుదురు? పిడుగుపాటున భర్తను గోల్పోయిన గొఱ్ఱెలకాపరి యిల్లాలికై ముప్పదిమూడు వేలమంది టిక్కెట్లు కొందురా? మన పల్లెలలో నిట్టి దుఃఖములే యెక్కువ. ఇవి ఒంటరిగా వచ్చును, చప్పుడు లేక వచ్చును.

దీనికి సమాధానము మా మండలపు స్త్రీలే కొంత చూపినారు. అక్షరము రాని కూలి స్త్రీలు పదిపది హేనుమంది యొక సంఘముగా గూడి, దినమునకు రూపాయి చొప్పున పొదుపు చేసి, ఆ సొమ్మునుండి తమలో నవసర మున్నవారికి అప్పు లిచ్చుకొనిరి. ఊరి సంఘములు కలిసి మండలపు ఐక్యసంఘ మైనది. దేశపు నలుమూలలనుండి జనులు వచ్చి చూచిపోవునంతగా నది పెరిగినది. వడ్డీ వ్యాపారి గడప ద్రొక్కకయే ఇంట వచ్చిన కష్టమును గడుపుకొనుటకు వీలు గలిగినది. ఇది కూడ నొక పాత్రయే. ఆపద వచ్చిన పిదప నింపుట మొదలుపెట్టునది గాదు, రాకముందే దినమున కొక చుక్క చొప్పున నింపి యుంచునది. పెద్ద యాపదకు కరుణాపాత్ర, ప్రతిదినపు టాపదకు పొదుపుపాత్ర. రెండును గావలెను. ఒకటి యున్నదని రెండవదానిని మఱువరాదు.

సోదరీమణులారా! ఈ కథనుండి మనము గ్రహింపదగినవి మూడు గలవని మా తలంపు. మొదటిది, చావు జరిగిన యింటికి పదవ దినముననే కాక, పదవ నెలను గూడ బోవలెను. ఉప్పు, పప్పు, పిల్లల పుస్తకములు కొఱతపడు సమయ మదియే. రెండవది, ఊర చందా వసూలు చేసినప్పుడు ఎవరికై, ఎంతకై, ఎంతవఱకై యని ముందే చెప్పి, పని ముగిసిన పిదప లెక్క చదివి చూపి ముగింపవలెను; అట్లు చేసిన మరుసారి యడిగినప్పుడు జనులు సంతోషముగా నిత్తురు. మూడవది యన్నిటికంటె ముఖ్యము. దానముకంటె జాగ్రత్త మేలు. రెండు లక్షల డాలర్లు పోగుచేసినను ఆ పదునార్గురిలో నొక్క బాలుడైన తల్లియొద్దకు మరలి రాలేదు. ఆ రాత్రి బరువు దించి, మంచు విడుచువఱకు నాగుదమని గట్టిగా జెప్పినవా డొక్కడున్నచో కరుణాపాత్ర యను మాటయే పుట్టి యుండదు.

ఇంటినుండి ప్రయాణమై పోవువారికి బొట్టుపెట్టి, పెరుగన్నము గట్టియిచ్చి పంపువారము మనమే. ఆటో నిండియున్నది, లోపల చోటులేదు, వెనుక వ్రేలాడి పోయెద నని కొడుకన్నప్పుడు, వాగు పొంగినది గాని దాటగలనని భర్త యన్నప్పుడు, "రేపు పోవచ్చును, ఆగుడు" అని చెప్పువారమును మనమే కావలెను. ఆ మాటకు వారు విసుగుకొందురు. విసుగుకొన్నను మరునాడు క్షేమముగా బోయి వత్తురు.